బూడిదలోంచి లేచేది ఎవరు?

పూరిళ్ళు తగలబడిన ప్రతి వేసవి తర్వాతా మన నివేదికల్లో ఒక వాక్యం కనబడుతుంది: ‘సముదాయం తట్టుకుని నిలబడింది.’ నా అభ్యంతరం ఈ మాట మీదే. సముదాయం అంటే ఎవరు? ఎవరి ఒంటిని అరగదీసి అది నిలబడింది?

పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో ఎండలు ముదిరేసరికి ఇంటి పక్కనే వంటచెరకుగా పత్తికట్టె మోపులుంటాయి, గడ్డివాములుంటాయి. తాటాకు కప్పు, వడగాలి, ఒక నిప్పురవ్వ చాలు. మాల, మాదిగ పల్లెల్లో, యానాదుల గుడిసెల్లో చూరుకు చూరు ఆనుకుని ఉంటుంది. ఊరు వాళ్ళకి వదిలిన జాగా అంతే మరి. మధ్యాహ్నం మంట లేచే వేళకి ఆడవాళ్ళు మిరపచేలల్లో కోతకి వంగి ఉంటారు. అయినా ‘పొయ్యి ఆర్పకుండా పోయింది’ అని నింద వాళ్ళ మీదే!

నష్టాన్ని లెక్కకట్టే తీరు చూడండి. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1 లక్షా 20 వేలు, గుడిసెకి 8 వేలు. బట్టలకి 2,500, పాత్రలకి 2,500, అదీ కుటుంబానికి. ఆ కుటుంబంలో భర్త వదిలేసిన కూతురు, విధవ అత్త ఉంటే వాళ్ళ బట్టలు ఎవరి లెక్కలోకి వస్తాయి? కాలిపోయిన మేకపిల్ల, డబ్బాలో దాచిన కోత కూలి ఎక్కడ రాస్తారు? పొదుపు సంఘం పుస్తకం కాలిపోతుంది గానీ అప్పు కాలిపోదు. నేను చూసిన జాబితాల్లో ‘కుటుంబ యజమాని’ అన్న గడిలో దాదాపు ఎప్పుడూ మగపేరే. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డుకి ఇంట్లో పెద్ద వయసు స్త్రీనే యజమానిగా గుర్తించింది. బియ్యం మోసుకొచ్చేటప్పుడు యజమానురాలైన మనిషి డబ్బు పంచేటప్పుడు ఎందుకు కాకుండా పోతుంది?

ఆ తర్వాత నీళ్ళు మోసేది, చెట్టు కింద వండేది, చీకటి పడేదాకా కాలకృత్యాలు ఆపుకునేది, వడ్డీకి తెచ్చి పిల్లలకి పలక కొనేది ఆమె. ఈ కూలి లేని చాకిరీకి మనం పెట్టుకున్న అందమైన పేరే ‘తట్టుకునే శక్తి’. మన అమ్మమ్మల కాలంలో దీన్నే ఓర్పు అనేవారు.

ఇది పల్లెల సంగతి మాత్రమే అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రాన్ని 2009 ఫిబ్రవరి 7న కార్చిచ్చు కాల్చేసింది. 173 మంది చనిపోయారు, 2 వేలకు పైగా ఇళ్ళు పోయాయి. ఆ తర్వాత భర్తల చేతిలో హింసకు గురైన స్త్రీల మాటలను డెబ్రా పార్కిన్సన్ పరిశోధన నమోదు చేసింది. మంటలతో పోరాడిన మగవాడి మీద ఫిర్యాదు చెయ్యకూడదని చుట్టూ ఉన్నవాళ్ళు వాళ్ళ నోరు నొక్కారు. సముదాయం కోలుకుంటోందన్న కీర్తి కోసం ఆడవాళ్ళ గాయాలు దాచాల్సి వచ్చింది. ఇక్కడ కాలిన ఇంటి సొమ్ము మద్యం దుకాణానికి పోతే అడిగిన భార్యకి ఏం జరుగుతుందో మనకి తెలియదా?

ఓర్చుకోకుండా లేచిన చరిత్ర కూడా ఈ నేలకుంది. 1985 జులై 17 దాడి తర్వాత పక్కనున్న కారంచేడు మాదిగలు చీరాలకి వచ్చి శిబిరం వేసుకున్నారు, సర్దుకుపోయి తిరిగి వెళ్ళమన్న మాటకి తలొగ్గలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన పోరాటం 1993లో సారా నిషేధం తెచ్చింది. వాళ్ళెవరూ ‘తట్టుకోలేదు’, తిరగబడ్డారు.

కాబట్టి కార్యకర్తలుగా మనం అడగాల్సినవి: పరిహారం స్త్రీ పేరున, ఆమె ఖాతాలో పడాలి. ఒంటరి స్త్రీని వేరే కుటుంబంగా రాయాలి. జాబితా పల్లెలో అందరి ముందూ చదవాలి. శిబిరంలో మొదటి రోజే మరుగుదొడ్డి, గృహహింస ఫిర్యాదు తీసుకునే మనిషి ఉండాలి. మళ్ళీ తాటాకు వెయ్యనక్కర్లేని ఇల్లు, దానికి పట్టా కావాలి. ఇవి లేకుండా ఆమె సహనాన్ని పొగడటం, ఆమె మీద ఇంకో బరువు పెట్టడమే.