జరిమానా ఖజానాకు, క్షమాపణ మనకు

మెయిన్స్‌కి చదివేవాళ్లలో సిటిజన్ చార్టర్ మీద ఆన్సర్ రాయనివాళ్లు ఉండరు. నా పాత నోట్‌బుక్కులు తిరగేసి లెక్కపెట్టాను. పదకొండుసార్లు రాశాను. సేవోత్తమ్ నమూనా, రెండో పాలనా సంస్కరణల కమిషన్ 12వ నివేదిక, 2011లో లోక్‌సభలో ప్రవేశపెట్టి 2014లో మురిగిపోయిన కాలపరిమితి సేవల బిల్లు, అన్నీ వరసగా ఉన్నాయి. ఒకసారి టెస్ట్ సిరీస్‌లో పదిహేనుకి తొమ్మిది మార్కులు కూడా పడ్డాయి. కానీ నిజంగా ఫిర్యాదు చేయాల్సిన రోజు వచ్చినప్పుడు నేను ఒక్క లైను రాయలేదు. ఈ వారం వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది.

2024 డిసెంబరు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఇంటర్వ్యూ, గేట్ స్కోరు మీద వచ్చిన పిలుపు. సివిల్స్ చదువుతున్నా చేతిలో ఒక ఉద్యోగం ఉంటే ఇంట్లోవాళ్లకి ధైర్యం కదా. రైల్లో వెళ్తే రానూ పోనూ మూడు రోజులు. పైగా పొగమంచు రోజుల్లో అది ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని నాన్న పంపిన డబ్బుతో 5,900 రూపాయలు పెట్టి ముందురోజు సాయంత్రం విమానానికి టికెట్ తీసుకున్నాను. జియా సరాయ్‌లో ఉండేవాళ్లకి తెలుసు, ఐఐటీ స్టేషన్లో మెజెంటా లైన్ ఎక్కితే టెర్మినల్ 1 దగ్గర దిగొచ్చు. మునిర్కా దాటాక మెసేజ్ వచ్చింది. 'ఆపరేషనల్ కారణాల వల్ల' విమానం రద్దు. కింద రెండు లింకులు. ఒకటి రీఫండ్, ఇంకోటి మర్నాడు సాయంత్రం విమానం. నా ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి.

కౌంటర్లో ఉన్న అమ్మాయి నాకంటే చిన్నది. అప్పటికే నలుగురు ఆమె మీద అరుస్తున్నారు. తన చేతిలో ఏమీ లేదని, అంతా యాప్‌లోనే చూసుకోవాలని అందరికీ ఒకటే మాట చెబుతోంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఎక్కడో ఉంటారు, తిట్లు తినడానికి ఆమెను అక్కడ నిలబెట్టారు. ఆ రాత్రికి ఇంకో సంస్థ టికెట్ 17,000 చూపించింది. నా దగ్గర అంత లేదు. రీఫండ్ లింకు నొక్కి, వచ్చిన మెట్రోలోనే వెనక్కి వచ్చేశాను.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. రాత్రి ఫోన్‌లో విషయం చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మరి వేరే దాంట్లో ఎక్కించలేదా?" బస్సు దారిలో ఆగిపోతే కండక్టరు చేసే మొదటి పని వెనక వచ్చే బస్సు ఆపి, అదే టికెట్ మీద ప్యాసింజర్లని ఎక్కించడం. ఎవరూ ఫిర్యాదు చేయనక్కర్లేదు, ఎవరూ బతిమాలనక్కర్లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయనకి అది సేవ అని కూడా అనిపించలేదు, డ్యూటీ అంతే. ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

నాకు తెలియనిది ఏమిటి?

డీజీసీఏ నిబంధనల్లో సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4 అని ఒకటుంది. 2010లో వచ్చింది, తర్వాత సవరించారు. దాని ప్రకారం సంస్థ తన కారణాల వల్ల సమయానికి చెప్పకుండా విమానం రద్దు చేస్తే, ప్రత్యామ్నాయ విమానమో పూర్తి రీఫండో ఇవ్వడంతో సరిపోదు. దానికి అదనంగా పరిహారం చెల్లించాలి. ప్రయాణ సమయం గంటలోపు అయితే 5,000, రెండు గంటలలోపు అయితే 7,500, అంతకు మించితే 10,000. లేదా టికెట్ మూల ధర, ఇంధన చార్జీ కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అది. నా టికెట్ లెక్కన నాకు 4,600 దాకా రావాలి. ఆర్టికల్ 21 మీద తీర్పులు సంవత్సరాలతో సహా చెప్పగలిగే నాకు, రీఫండ్ నొక్కాక కూడా ఇంకో హక్కు మిగిలి ఉంటుందని తెలియదు. ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు.

సరే, తెలియకపోవడం నా తప్పు. కానీ తెలిసినవాడికి మాత్రం ఏం దక్కుతోంది? ఆ నిబంధననే ఒకసారి జాగ్రత్తగా చదవండి. 'ఏది తక్కువైతే అది' అన్నారు కాబట్టి చవక టికెట్ కొన్నవాడి నష్టం కూడా చవకే. 2,500 టికెట్ మీద పరీక్ష పోగొట్టుకున్నవాడికి మహా అయితే 2,500. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261వ నిబంధనలో పరిహారం దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు. టికెట్ ఎంతకి కొన్నావని అక్కడ అడగరు.

రెండో లోపం ఇంకా పెద్దది. 'అసాధారణ పరిస్థితులు' ఉంటే పరిహారం ఇవ్వనక్కర్లేదు. వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, భద్రతా ముప్పు వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. న్యాయమే. కానీ ఫలానా రోజు ఫలానా విమానం అసాధారణ పరిస్థితి వల్లే ఆగిందని మొదట తేల్చేది ఎవరు? విమాన సంస్థే. తన కేసుకి తానే జడ్జిగా ఎవరూ ఉండకూడదన్నది సహజ న్యాయ సూత్రాల్లో మొదటిది. ఎథిక్స్ పేపర్లో, పాలిటీలో మనం రాసే ఆ సూత్రం బోర్డింగ్ గేటు దగ్గర ఆగిపోతోంది.

2025 డిసెంబరు చెప్పిన పాఠం

ఒక్కడి అనుభవంతో విధానం మీద తీర్పు చెప్పకూడదు. కాబట్టి దేశం మొత్తం చూసిన ఉదాహరణ తీసుకుందాం. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచే నిబంధనలు, రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించే నిబంధనలు 2024 జనవరిలో ప్రకటించారు. చివరి దశ 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది. అంటే సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్లు. డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయ్యాయి. డీజీసీఏ లెక్క ప్రకారం 3 నుంచి 5వ తేదీ వరకు మూడు రోజుల్లో 2,507 విమానాలు రద్దు, 1,852 ఆలస్యం, మూడు లక్షల మందికి పైగా ప్రయాణికులకు ఇబ్బంది. ఇది పొగమంచు కాదు, తుపాను కాదు. రెండేళ్ల ముందు తెలిసిన తేదీ.

తర్వాత ఏమైంది? ప్రభుత్వం 6న చార్జీలకు పరిమితి పెట్టింది, మంచిదే. సంస్థ క్షమాపణ చెప్పింది. 24 గంటలలోపు రద్దయినవాటికి నిబంధనల ప్రకారం పరిహారంతో పాటు, 'తీవ్రంగా' ఇబ్బంది పడినవాళ్లకు 10,000 రూపాయల ట్రావెల్ వోచర్లు ప్రకటించింది. ఎవరిది తీవ్రమైన ఇబ్బందో, ఎవరిది మామూలు ఇబ్బందో ఎంచింది మళ్లీ ఆ సంస్థే. వోచర్ అంటే ఏమిటి? నష్టపరిచిన దుకాణంలోనే మళ్లీ కొనుక్కోమని ఇచ్చే చీటీ. 2026 జనవరిలో డీజీసీఏ 22.20 కోట్ల జరిమానా వేసింది. మూడు లక్షల మందికి పంచితే తలకు 740 రూపాయలు. అది కూడా పంచరు, ఎందుకంటే జరిమానా ఖజానాకు వెళ్తుంది.

నా వాదన ఇదే. జరిమానా శిక్ష, పరిహారం న్యాయం. రెండూ ఒకటి కావు. మన వ్యవస్థ మొదటిదాన్ని చూపించి రెండోది జరిగిపోయినట్టు నమ్మిస్తోంది. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకంలో, సంస్థ దిగజారితే జనానికి రెండు దారులన్నాడు: వదిలి వెళ్లిపోవడం, గొంతెత్తడం. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఒక్క సంస్థ చేతిలో ఉన్నప్పుడు వదిలి వెళ్లే దారి చాలామందికి లేదు. మిగిలింది గొంతు ఒక్కటే. ఆ గొంతు వినే చోటు ఉండాలి.

"చోటు ఉంది కదా" అంటారా?

ఉన్నాయి. సంస్థలో నోడల్ అధికారి, ఆయన పైన అప్పీలేట్ అథారిటీ. 2016 నుంచి ఎయిర్‌సేవా. 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కానీ ఎయిర్‌సేవా ఫిర్యాదును సంస్థకి చేరవేసి జవాబు తెప్పిస్తుంది. డీజీసీఏ సంస్థని శిక్షించగలదు. మీ కేసు విని, మీ చేతిలో ఇంత పెట్టమని ఆదేశించే పీఠం ఈ రెండూ కావు. అలా ఆదేశించగలిగేవి వినియోగదారుల కమిషన్లు, శాశ్వత లోక్ అదాలత్‌లు. కమిషన్లలో పెండింగ్ కేసులు లక్షల్లో ఉన్నాయి. నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని 2019 చట్టం చెబుతుంది. ఆ గడువు కాగితం మీద ఎంత బాగుందో మనందరికీ తెలుసు.

లోక్ అదాలత్ సంగతికి మన హైదరాబాద్ కేసే ఉంది, నోట్స్‌లో రాసుకోండి. 2007 డిసెంబరులో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వెళ్లాల్సిన విమానం పొగమంచులో చిక్కుకుంది. గంటల తరబడి విమానంలోనే కూర్చోవాల్సి వచ్చిన ఒక ప్రయాణికుడు హైదరాబాద్‌లోని శాశ్వత లోక్ అదాలత్‌కి వెళ్లారు. అది 10,000 పరిహారం, ఖర్చులు ఇవ్వమంది. సంస్థ ఆ పదివేల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే తేలాలని టికెట్ షరతుల్లో ఉందన్నది దాని వాదనల్లో ఒకటి. 2011 జులై 4న తీర్పు వచ్చింది. ఆ షరతు లోక్ అదాలత్‌కి అడ్డం రాదని కోర్టు చెప్పింది. పొగమంచు సంస్థ తప్పు కాదు, కనీస సౌకర్యాలు ఇచ్చింది కాబట్టి పరిహారాన్ని మాత్రం కొట్టేసింది. అదే సమయంలో, ఆలస్యం ఎవరి తప్పు కాకపోయినా లోపల ఇరుక్కున్నవాళ్లని చూసుకునే బాధ్యత ఉంటుందని, తక్కువ ధర సంస్థ కావడం దానికి సాకు కాదని స్పష్టం చేసింది. ప్రయాణికుడు డబ్బు ఓడిపోయారు, మనకి ఒక సూత్రం గెలిచిపెట్టారు. కానీ ఆలోచించండి, పదివేల తగాదా తేలడానికి మూడున్నరేళ్లు. సంస్థకి లాయర్ల బృందం ఉంటుంది. మనకి ప్రిలిమ్స్ ఉంటుంది.

ఎదుటివాళ్ల మాట

"విమాన సంస్థలకే దిక్కు లేదు, కింగ్‌ఫిషర్, జెట్, గో ఫస్ట్ మూతపడ్డాయి, ఇంకా భారం వేస్తే టికెట్ ధర పెరుగుతుంది" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది, తీసిపారేయను. కానీ నేను అడిగేది పొగమంచుకి పరిహారం కాదు, సంస్థ చేతిలో ఉన్న తప్పుకి. తప్పుకి ధర లేకపోతే తప్పు చేయడమే లాభసాటి అవుతుంది. ఆ నష్టం ఇప్పుడు కూడా ఎవరో ఒకరు భరిస్తూనే ఉన్నారు. నా కేసులో మా నాన్న భరించాడు.

"ఫిర్యాదులు చాలా తక్కువ" అని ఇంకో వాదన. డీజీసీఏ నెలవారీ నివేదికల్లో పదివేల మంది ప్రయాణికులకు వచ్చే ఫిర్యాదులు చాలా నెలల్లో ఒకటి కూడా దాటవు. ఆ లెక్కలో నేను లేను. లింకు నొక్కి మెట్రో ఎక్కి వెళ్లిపోయినవాళ్లెవరూ లేరు. మౌనాన్ని సంతృప్తిగా లెక్కేసే పాలన ఎలా ఉంటుందో మనం వేరే చెప్పుకోనక్కర్లేదు.

"ప్రయాణికులు కూడా దురుసుగా ఉంటారు" అన్నదీ నిజమే. 2017 జూన్‌లో అనంతపురం ఎంపీ జేసీ దివాకర్‌రెడ్డి విశాఖ విమానాశ్రయంలో గొడవ పడ్డారని విమాన సంస్థలు ఆయన ప్రయాణంపై నిషేధం పెట్టాయి. అదే ఏడాది సెప్టెంబరులో నో-ఫ్లై జాబితా నిబంధనలు వచ్చాయి. మాటలతో దురుసుగా ప్రవర్తిస్తే మూడు నెలల దాకా, చేయి చేసుకుంటే ఆరు నెలల దాకా నిషేధం. విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ, 30 రోజుల్లో నిర్ణయం. చాలా బాగుంది. ప్రయాణికుడి తప్పు తేల్చడానికి జడ్జి, గడువు, శిక్ష అన్నీ సిద్ధం చేయగలిగిన వ్యవస్థ, సంస్థ తప్పు తేల్చడానికి అదే ఏర్పాటు ఎందుకు చేయదు?

ఏం కావాలి?

బ్యాంకు మీద ఫిర్యాదుకి 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 2021 పథకం ఆయనకి 20 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఇచ్చింది. బీమాకీ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. విమానానికి లేడు. తొంభై ఏళ్ల నాటి 1934 విమాన చట్టాన్ని తీసేసి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ తెచ్చుకున్నాం. అందులో కూడా ప్రయాణికుడి కోసం ఆ కుర్చీ వేయలేదు. ఈ శాఖ 2014 తర్వాత రెండుసార్లు ఉత్తరాంధ్ర నేతల చేతికి వచ్చింది, అప్పుడు విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు, ఇప్పుడు శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు. మనవాళ్లని గర్వపడటంతో పాటు మనవాళ్లని అడగడం కూడా నేర్చుకోవాలి.

అడగాల్సినవి మూడే. పరిహారం టికెట్ ధరని బట్టి కాకుండా దూరాన్ని బట్టి ఉండాలి. అసాధారణ పరిస్థితి అని సంస్థ గడువులోగా రుజువు చేయలేకపోతే, అడగకుండానే డబ్బు ఖాతాలో పడాలి. ఆ రుజువు చాలునో లేదో తేల్చడానికి సంస్థతో సంబంధం లేని అంబుడ్స్‌మన్ ఉండాలి.

అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది వాడాలి. వినియోగదారుల చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. మనం ఉంటున్న చోట జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. నా రెండేళ్లు ఇంకా పూర్తి కాలేదు. పోయిన వారం నోడల్ అధికారికి రాశాను. జవాబు రాకపోతే కమిషన్‌లో వేస్తాను. 4,600 కోసం ఇంత అవసరమా అని రూమ్మేట్ అడిగాడు. రేపు మనలో కొందరు కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకునే బల్ల వెనక కూర్చుంటాం. బల్లకి ఇవతల ఒక్కసారైనా నిలబడనివాడికి అవతల కూర్చునే అర్హత ఎంత ఉందని నాకు అనుమానం.

ఈ వారం ప్రశ్న, 250 పదాలు, 15 మార్కులు: "నియంత్రణ సంస్థ వేసే జరిమానా బాధితుడికి జరిగే న్యాయానికి ప్రత్యామ్నాయం కాదు." పౌర విమానయాన రంగం ఆధారంగా చర్చించండి. జవాబు రాశాక, మీకు రావాల్సింది ఏదైనా ఉంటే ఆ ఫిర్యాదు కూడా అదే రోజు రాయండి. దానికి పదాల పరిమితి లేదు.