గుర్రానికీ టీకా కావాలి

పాడేరు ఏజెన్సీలో రోడ్డు లేని ఊళ్లకు బియ్యం, సంతకు మిరియాలు మోసేది మా గుర్రాలే. పశువుల గాలికుంటు టీకాకు 2019 నుంచి కేంద్ర పథకం ఉంది. గుర్రాల ఫ్లూకి అందులో చోటు లేదు. టీకా లేకనా? ఉంది! 2008లో జమ్ములోని కట్రాలో, యాత్రికులను మోసే గుర్రాల్లో మొదలైన ఈ రోగం అనేక రాష్ట్రాలకు పాకింది. దగ్గుతోనే అంటుకునే ఈ వైరస్ మా కొండ ఎక్కదని ఎవరు హామీ ఇస్తారు? రోడ్డు వేయనివాళ్లు టీకా అయినా పంపాలి. మేం అడిగేది దయ కాదు, హక్కు.

మన పని మనమూ చేద్దాం. కొత్తగా కొన్న గుర్రాన్ని మూడు వారాలు విడిగా కట్టాలి. దగ్గే గుర్రానికి తొట్టి వేరు చేయాలి, మూట ఎత్తకూడదు. టీచర్లు ఈ మాట బడిలో చెప్పాలి. యువత గ్రామసభలో టీకా తీర్మానం రాయించాలి.