మన దగ్గర ఏముంది అనుకోవద్దు, రెండో దారి పెట్టుకుందాం

కొంచెం పెద్ద పోస్ట్, పూర్తిగా చదవండి.

మొన్న మా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న ప్రాజెక్టు ఫైళ్ళన్నీ లాక్ అయినయి. బిట్‌కాయిన్ కడితేనే తెరుస్తమని స్క్రీన్ మీద నోటు. దీన్నే రాన్సమ్‌వేర్ అంటరు. ఫ్రీ అని ఎక్కించిన క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. కాపీ ఉన్న పెన్‌డ్రైవ్ లాప్‌టాప్‌కే పెట్టి ఉండె, అదీ పోయింది.

"మన దగ్గర ఏముందిరా దోచుకోనీకి" అని మనలో చాలామంది అంటరు. అది తప్పు. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై ధనికులా పేదలా అని చూడలేదు. అప్‌డేట్ చేయని విండోస్ దొరికిన చోటల్లా తనంతట తానే దూరింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు, తిరుమల దేవస్థానం కంప్యూటర్లకూ తగిలింది. అడిగింది 300 డాలర్లు. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది! 2019లో మన కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఆగింది కూడా రాన్సమ్‌వేర్ వల్లనే.

ఇంతకీ మన దగ్గర ఏమీ లేదా? తాతల దగ్గర రికార్డు చేసిన పాటలు, కథలు మన ఫోన్లలో ఉన్నయి. చాలావాటికి అదొక్కటే కాపీ. ప్రాజెక్టు మళ్ళీ చేయొచ్చు. పోయిన తాత మళ్ళీ పాడడు.

గోదావరిఖనిలో ఉన్నోళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. బొగ్గుబాయికి బయటికొచ్చే దారులు కనీసం రెండు ఉండాలని చట్టమే ఉంది. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి. మన ఫైళ్ళకూ అంతే.

కాబట్టి:
– ముఖ్యమైనవి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, వెంటనే తీసి పెట్టెలో దాచండి. ఇంకో కాపీ డ్రైవ్‌లో ఉంచండి.
– ఫోన్, లాప్‌టాప్ అప్‌డేట్ వస్తే "తర్వాత" అని నొక్కొద్దు.
– క్రాక్ సాఫ్ట్‌వేర్, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు ముట్టొద్దు. స్కాలర్‌షిప్ పేరుతో వచ్చినా సరే.
– తగిలితే ముందు నెట్ ఆపండి. డబ్బు కట్టొద్దు, కట్టినా ఫైళ్ళు వస్తయన్న గ్యారంటీ లేదు. 1930కి ఫోన్ చేయండి. నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతయి.

మన ఇళ్ళల్లో ఇవి చెప్పేటోళ్ళు లేరు. మనమే మొదటోళ్ళం, మనమే ఒకరికొకరం చెప్పుకోవాలె. లైక్ కొట్టకపోయినా పర్లేదు, ఈ రాత్రే ఒక కాపీ తీయండి.