ఒకే ఊరి రెండు పాటలు

రాయలసీమ అస్తిత్వం పేరుతో పాటల సభలు ఈమధ్య జోరుగా జరుగుతున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయాక శ్రీబాగ్ ఒడంబడిక మళ్లీ జనం నోట్లో నానింది. 1937లో కోస్తా, సీమ పెద్దలు రాసుకున్న ఆ కాగితం గురించి గంటసేపు ఉపన్యాసం చెప్పేకన్నా డప్పు మీద రెండు దెబ్బలు కొడితే జనం నిలబడి వింటారని నిర్వాహకులకు తెలిసొచ్చింది. తెలంగాణ ధూంధాం చూసినవాళ్లు మనకూ అలాంటిది ఒకటి ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కర్నూలులో పెట్టినా, ప్రొద్దుటూరులో పెట్టినా వరస దాదాపు ఒకటే. వేదిక వెనక మీసం మెలేసిన బొమ్మ, కత్తి, గుర్రం. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలో ఓ ముక్క, ఈలలు, ఆపైన నాయకుడి ప్రసంగం.

మా పేచీ ఆ 'ఓ ముక్క'తోనే.

నరసింహారెడ్డి కథ సీమ పిల్లలకు పాఠ్యపుస్తకం కన్నా ముందు పాటగా చేరింది. నిజాం 1800లో ఈ జిల్లాలను కుంపిణీకి ధారపోశాక మన్రో దొర పాలెగాళ్ల కోరలు పీకి, పింఛన్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత నరసింహారెడ్డి లాంటి పాలెగాళ్ల వారసుల పింఛన్లకూ కోత పడింది. ఊళ్ల కాపలా కాసే కట్టుబడి బంట్రోతుల ఇనాం మాన్యాల మీదా సర్కారు చెయ్యి పడింది. 1846లో నరసింహారెడ్డి వెంట కోయిలకుంట్ల ఖజానా మీదికి నడిచిన గుంపులో తిండిగింజల దారి మూసుకుపోయిన మామూలు మనుషులే ఎక్కువ. వడ్డె ఓబన్న ఆ గుంపులోనివాడే. నల్లమలలో తలదాచుకున్న రెడ్డిని పట్టుకుని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా, అంటే ధాత కరువు సీమను ఊడ్చేసిన రోజుల దాకా, అది అక్కడే ఉందంటారు. ఇంకో సంగతి. ఆ ఉరి నాటికి కోయిలకుంట్ల కడప జిల్లాలోది. 1858లో గానీ కర్నూలుకు కలవలేదు. నరసింహారెడ్డి మా జిల్లావాడంటే మా జిల్లావాడని తగువులాడే వక్తలు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఈ పాటను చెక్కభజనలో వినాలి. దేవళం ముందు పొద్దుగూకాక గురువు మధ్యన నిలబడతాడు. చుట్టూ పదిమందో పదిహేనుమందో, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో కొయ్య చెక్కలు. చెక్కలకు పొదిగిన ఇత్తడి బిళ్లలు అడుగడుక్కీ గలగలమంటాయి. గురువు ఒక చరణం ఎత్తుకుంటాడు, బృందం అందుకుంటుంది. మొదట నడకంత నిదానంగా ఉంటుంది. ఖజానా కొట్టే ఘట్టం వచ్చేసరికి అడుగు రెట్టింపవుతుంది, గాల్లోకి లేచి దిగడాలు మొదలవుతాయి. ఉరి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ జారుగా, నిదానంగా. ఈ ఎగుడుదిగుళ్లే కథ. సభలో మనకు వినిపించేది ఆ నడిమి ఉరుకు మాత్రమే, అదీ కీబోర్డు మోతలో. ఎందుకు తిరగబడ్డాడో తెలియదు, ఎలా చచ్చిపోయాడో తెలియదు. గుర్రం మాత్రం పరిగెడుతూనే ఉంటుంది. 2019లో సినిమా వచ్చాక ఈ కత్తిరింపు మరీ ఎక్కువైంది. కుర్రకారు అదే పాత పాట అనుకుంటే వాళ్ల తప్పు కాదు.

అదే ఉయ్యాలవాడలో ఇంకో పాట ఉంది. నరసింహారెడ్డిని ఉరితీసిన రెండు దశాబ్దాలకు, 1866 కరువులో, ఆ ఊరి బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి ఆకలితో వచ్చినవాళ్లకల్లా అంబలి పోయించాడు. జనం ఆయన మీద పాట కట్టుకున్నారు. విక్టోరియా రాణి సర్కారు బంగారు పతకం ఇచ్చి గౌరవించింది. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ రెండు కథల మీద పరిశోధన చేసి, ఇద్దరినీ కలిపి 'రేనాటి సూర్యచంద్రులు' అని పుస్తకం వేశారు. ఒకరిని తెల్లవాడు ఉరితీశాడు, ఇంకొకరికి అదే తెల్లవాడు పతకం తొడిగాడు. పాడేవాళ్లకు అందులో ఏ ఇబ్బందీ కనబడలేదు. దొర ఏమనుకున్నాడన్నది వాళ్లకు లెక్కలోకి రాలేదు. కడుపు మాడినప్పుడు ఎవడు నిలబడ్డాడు అన్నదొక్కటే చూశారు. సీమ రాజకీయ వారసత్వం అని మనం గొంతు చించుకునేది నిజానికి ఈ కొలబద్దే. అస్తిత్వ సభల్లో వెంగళరెడ్డి పాట మాత్రం ఎక్కడా వినబడదు. అంబలి కుండకు ఈలలు పడవు కదా!

ఈ ఎంపిక ఊరికే జరగలేదు. ఫ్యాక్షన్ సినిమాలు సీమ మనిషి చేతికి కొడవలి ఇచ్చి పాతికేళ్లు దాటింది. ఆ బొమ్మ మీద కోపమని చెబుతూనే మన సభలు దాన్నే గోడకు తగిలిస్తున్నాయి. దానికి తోడు కులం. ఒకే పాటలోంచి ఒక సంఘం నరసింహారెడ్డిని తీసుకుంది, ఇంకో సంఘం ఓబన్నను తీసుకుంది. ఇన్నాళ్లూ పేరు కూడా పలకని ఓబన్నకు ఇప్పుడు జయంతి జరుగుతోందంటే సంతోషమే. కానీ పాటలో ఇద్దరూ ఒకే అడుగులో నడిచారు. వాళ్లను ఫ్లెక్సీల మీద విడదీసిన ఘనత మన తరానిదే.

ఇది సీమకే పట్టిన తెగులు కాదు. మనల్ని ఏలినవాళ్ల దేశంలోనూ ఇదే తగువు నడిచింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సెసిల్ షార్ప్ ఊరూరా తిరిగి ఇంగ్లీషు పల్లెపాటలు సేకరించాడు. ఆ తర్వాత వాటిని కూలీల పాటలన్నవాళ్లున్నారు, జాతి సొత్తన్నవాళ్లున్నారు. 1649లో బీడుభూమిని ఉమ్మడిగా దున్నుకుందామని బయల్దేరిన డిగ్గర్ల మీద లియాన్ రోసెల్సన్ పాట కడితే గాయకుడు బిల్లీ బ్రాగ్ దాన్ని వేదికలెక్కించాడు. ఇంగ్లీషువాడిగా గర్వపడాలంటే ఆ బీడు దున్నినవాళ్లను చూసి గర్వపడవచ్చునన్నది బ్రాగ్ వాదం. ఇంకోపక్క వలసదారులంటే గిట్టని పార్టీ అవే పల్లెపాటలను తన జెండా కింద పెట్టుకోబోతే, 2009 ప్రాంతంలో జానపద గాయకులే జట్టుకట్టి మా పాట మీకివ్వమని తెగేసి చెప్పారు. పాట ఎవరి జెండా కిందికి పోతోందో పాడేవాళ్లే పట్టించుకున్నారక్కడ. ఇక్కడ పాడేవాడిని అడిగే నాథుడేడి?

అడిగితే సీమ చాలా పెద్దదని చెబుతాడు. పీర్ల పండుగనాడు అలావా నిప్పుల గుండం చుట్టూ అన్ని కులాలవాళ్లూ కలిసి వేసే అడుగులుంటాయి. బ్రహ్మంగారి మఠం దారుల్లో ఏక్‌తారా మీద సాగే తత్వాలుంటాయి. వాటిలో బ్రహ్మంగారి శిష్యుడు దూదేకుల సిద్ధయ్యవీ ఉన్నాయి. ఎలుగుబంటి తోలు టోపీ పెట్టుకుని పిల్లనగ్రోవి ఊదే గొరవయ్యలుంటారు. కలుపు తీస్తూ ఆడవాళ్లు పాడేవైతే లెక్కే లేదు. మొగుడి తాగుడు, వడ్డీవాడి పీడ, రాని వాన, అన్నీ వాటిలోకే వస్తాయి. వీటిలో ఒక్కటి కూడా మీసాల బొమ్మ ముందు ఇమడదు.

కాబట్టి సభలు పెట్టేవాళ్లకు మా మనవి చిన్నది. తర్వాతి సభలో ప్రసంగాలు ఒక గంట తగ్గించి నరసింహారెడ్డి పాటను మొదటినుంచి ఉరి దాకా పాడనివ్వండి. దాని వెంటనే వెంగళరెడ్డి పాట పాడించండి. కలుపు పాటలు తెలిసిన ఆడవాళ్లకు మైకివ్వండి. వరస తప్పినా ఫరవాలేదు. పాడినవన్నీ రికార్డు చేసి యూనివర్సిటీ తెలుగు శాఖకో, కడప బ్రౌన్ గ్రంథాలయానికో ఇవ్వండి. చరణాలన్నీ గుర్తున్న గురువులు ముసలివాళ్లైపోతున్నారు, వాళ్ల దగ్గర నేర్చుకునే పిల్లలు బెంగళూరు బస్సులెక్కుతున్నారు. పాడినవాళ్ల పేర్లు కరపత్రంలో నాయకుల పేర్లంత పెద్ద అక్షరాల్లో వేయండి. శాలువాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ రాత్రి వాళ్లకు అన్నం, పొద్దున ఊరికి పోవడానికి బస్సు చార్జీలు, ఒప్పుకున్న డబ్బులు చేతిలో పెట్టండి.