నమ్మకమైన క్యాసినో ఏది?

ఆ మధ్య మా సర్జికల్ వార్డులో తల్లికి తోడుగా ఉన్న ఒక కుర్రవాడు రాత్రంతా ఫోను చూస్తూ కూర్చునేవాడు. నైట్ రౌండుకు వెళ్లినప్పుడు, కాసేపు నిద్రపోవయ్యా అని మందలించాము. అతడు మెల్లగా, "సిస్టర్, ఆన్‌లైన్ క్యాసినోల్లో మోసం చెయ్యనిది ఏదైనా ఉందా?" అని అడిగాడు. మేము నవ్వి ఊరుకున్నాము. తల్లి ఆపరేషనుకు తెచ్చిన డబ్బులో సగం అప్పటికే పోయిందని బిల్లు కట్టే రోజున తెలిసింది. ఆ రాత్రి నవ్వినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాము.

మంచి కంపెనీని ఎంచుకుంటే చాలు, భయం లేదని చాలామంది అనుకుంటున్నారు. ఒక లెక్క చూడండి. ఐరోపా పద్ధతి రూలెట్ చక్రంలో 0 నుండి 36 వరకు మొత్తం 37 గడులు ఉంటాయి. ఒక్కొక్క అంకె మీద 10 రూపాయల చొప్పున అన్నింటి మీదా పెడితే 370 రూపాయలు అవుతుంది. బంతి ఎక్కడ ఆగినా, మనం పెట్టిన పదితో కలిపి చేతికి వచ్చేది 360 మాత్రమే. ఇందులో మోసమేమీ లేదు. ఆట నియమమే అది. ఒకరోజు గెలవవచ్చు, కాని ఆడేకొద్దీ పోయేదే ఎక్కువ. నిజాయితీగల క్యాసినో సంగతే ఇది!

ఇక మోసగాళ్లయితే మొదట చిన్న మొత్తాలు వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరి పెద్ద మొత్తం పెట్టాక, "మీ గెలుపు సొమ్ము రావాలంటే ముందు పన్ను కట్టండి" అంటారు. అది కట్టినా డబ్బు రాదు.

లైసెన్సు ఉంది కదా అని కొందరు అడుగుతారు. మన సంఘాల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్తున్న బ్రిటన్‌లో లైసెన్సు పద్ధతి ఉంది. అయితే అక్కడ కూడా క్రెడిట్ కార్డుతో జూదమాడటాన్ని 2020 ఏప్రిల్ నుండి నిషేధించారు. మన దగ్గర తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ చట్టాలు సవరించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిర్వహించటం, వాటికి ప్రకటనలు చేయటం నేరమని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. కాబట్టి "మాది ఇక్కడ చట్టబద్ధమైన క్యాసినో" అని చెప్పే యాప్ మొదటి మాటే అబద్ధం.

మా అనుభవంలో, నమ్మకమైన క్యాసినో కోసం వెతికేవారిలో చాలామంది అప్పటికే ఎక్కడో పోగొట్టుకున్నవారే. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న సామెత ఉంగరానికి సరిపోతుంది గాని జూదానికి సరిపోదు. పోయింది రాబట్టాలని మళ్లీ ఆడటం, ఇంట్లో అబద్ధాలాడటం, అప్పులు చేయటం, ఆడకపోతే చిరాకు, ఇవన్నీ జబ్బు లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనిని వ్యసన సంబంధమైన రుగ్మతల్లో చేర్చింది. చికిత్స ఉంది. మాటలతో చేసే చికిత్స, కుటుంబం తోడు చాలా మేలు చేస్తాయి.

ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే తిట్టకండి, నలుగురిలో అవమానించకండి. మొత్తం అప్పు ఎంతో కూర్చుని కాగితం మీద రాయండి. కొంతకాలం డబ్బు వ్యవహారం మరొకరి చేతిలో పెట్టండి. ఫోనులో బ్యాంకు యాప్‌లు తీసివేయండి. పాత అప్పు తీర్చటానికి మళ్లీ లోన్ యాప్‌ల దగ్గరకు వెళ్లనివ్వకండి. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. మనసు కుంగిపోయి బతుకు మీద ఆశ పోయినట్టు మాట్లాడితే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇప్పుడు మా వార్డుల్లో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే మేము నవ్వటం లేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, "ఇప్పటికి ఎంత పోయిందయ్యా?" అని అడుగుతున్నాము. మీరు కూడా మీ ఇంట్లో అలాగే అడగండి.