మా వాడ మాటలు – 19: బొటనవేలి నాదం



పోయిన వారం మా విద్యార్థి ఒకడు గిటార్ వాయిస్తున్న రెండు నిమిషాల వీడియో పెట్టినాను కదా. సున్నిపెంట పిల్లోడు. శ్రీశైలం డ్యాం కట్టడానికి కూలికి వచ్చి ప్రాజెక్టు కాలనీలోనే నిలిచిపోయిన కుటుంబాల్లో మూడో తరం. డిగ్రీ చదువుతాడు, ఆదివారం చర్చిలో వాయిస్తాడు. ఆ వీడియోలో వాయించింది మాత్రం కీర్తన కాదు, సినిమా పాటా కాదు. జాజ్. చేతిలో మామూలు గిటార్, కాళ్ల దగ్గర ఒక చిన్న పెట్టె. దాన్ని మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ అంటారు.

మెచ్చుకున్నవాళ్లు చాలామంది. వాళ్లందరికీ దండాలు. అయితే మూడు మాటలు నన్ను నిద్రపోనీయలేదు.

ఒక ఉద్యమ మిత్రుడు: "సార్, మన పిల్లోళ్లకు తప్పెట ఉండగా ఈ జాజ్ ఏందికి సార్?"

ఇంకొకాయన: "జాజ్ పెద్ద హోటళ్లలో పెద్దోళ్లు వినే సంగీతం. మన బతుకులకు దాంతో ఏం పని?"

మూడో ఆయనకు సంగీతం బాగా తెలుసు: "లక్షల గిటార్ లేనిదే జాజ్ టోన్ రాదు. పెట్టెలో నుంచి వచ్చేది నకిలీ."

మూడు మాటలూ వేరువేరుగా కనిపిస్తాయి. నాకైతే మూడింటి వెనకా ఒకే ప్రశ్న వినపడింది. ఏ శబ్దం ఎవరిది అని తేల్చేది ఎవరు? కడపటి మాట నుంచి మొదలుపెడతాను. అది లెక్కతో తేలే మాట.

పెట్టె లోపల ఏం జరుగుతుంది

జాజ్ గిటార్ నాదం అనగానే చెవికి గుర్తొచ్చేది గుండ్రదనం. గుచ్చుకోదు, మెరవదు. రాత్రిపూట పెద్దాయన తగ్గు గొంతుతో మాట్లాడినట్టు ఉంటుంది. దాని వెనక ఉన్నవి కొన్ని వస్తువులు. లోపల బోలుగా ఉన్న చెక్క గిటార్. పైన గరుకు లేకుండా నునుపుగా చుట్టిన మందపు తీగలు. మెడ వైపు ఉన్న పికప్. పగలకుండా తేటగా పలికే ఆంప్లిఫయర్. గిబ్సన్ ఈఎస్-175 లాంటి గిటార్ లక్షల్లో మాట, నిజమే. పెట్టె మాత్రం చిన్నదైతే పదివేల లోపే దొరుకుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా తక్కువకు వస్తుంది.

పెట్టె చేసే పని ఇది. తీగ కదలికను సెకనుకు 44,100 సార్లో, అంతకంటే ఎక్కువసార్లో కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక ఆంప్లిఫయర్ ఆ శబ్దాన్ని ఎట్లా మారుస్తుందో ఆ లెక్కంతా అంకెల మీద చేసి, మళ్లీ శబ్దంగా బయటికి పంపుతుంది. స్పీకర్ సంగతి ఇంకా బాగుంటుంది. నల్లమల లోయలో నిలబడి ఒక్క కేక వేస్తే లోయ తన పద్ధతిలో బదులిస్తుంది కదా. అట్లాగే స్పీకర్‌లోకి ఒక చిటికె లాంటి శబ్దం పంపి, ఆ స్పీకర్, ఆ మైకు, ఆ గది ఎట్లా బదులిచ్చాయో పట్టి దాచుకుంటారు. దాన్ని ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. మనం వాయించే ప్రతి స్వరాన్నీ ఆ బదులుతో కలిపి వినిపిస్తుంది పెట్టె.

ఇప్పుడు మా పిల్లోడు పెట్టిన సెట్టింగులు చెబుతాను. అడిగినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు.

మొదట గిటార్ మీదే పని. మెడ వైపు పికప్ పెట్టుకోవాలి. టోన్ గుండీని పదిలో మూడు, నాలుగుకు దించాలి. వాల్యూమ్ ఏడు, ఎనిమిది దగ్గర ఆపాలి. సగం జాజ్ ఇక్కడే వచ్చేస్తుంది. పెట్టెలో తేటగా పలికే ఆంప్ మోడల్ ఎంచుకోవాలి. పాత ఫెండర్ ట్విన్ తరహాదైనా సరే, రోలాండ్ జాజ్ కోరస్ తరహాదైనా సరే. పేరులో కోరస్ ఉందని ఆ ఎఫెక్ట్ వేయొద్దు. గెయిన్ తక్కువ. బేస్ నాలుగు, మిడ్ ఆరు, ట్రెబుల్ మూడు. ప్రెజెన్స్ ఉంటే సున్నా. ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింద ఉన్న గుబగుబను కోసేయాలి, నాలుగైదు వేల హెర్ట్జ్ పైన ఉన్న కీచుదనాన్నీ కోసేయాలి. కంప్రెసర్ వేసీ వేయనట్టు. కడగా చిన్న గది రివర్బ్, ఇరవై శాతం లోపు. డిలే వద్దు. డిస్టార్షన్ ఊసే వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మన చర్చిల్లో, సభల్లో గిటార్‌కు వేరే ఆంప్లిఫయర్ ఎక్కడుంటుంది? పెట్టె వైరు నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. అప్పుడు క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్‌లో ఉండాల్సిందే. లేకపోతే దోమ మూలిగినట్టు వినిపిస్తుంది. అదే పెట్టెను గిటార్ ఆంప్‌కు తగిలిస్తే మాత్రం ఆఫ్ చేయాలి. లేకపోతే నోటికి గుడ్డ కట్టి మాట్లాడినట్టు ఉంటుంది. "పెట్టె బాగాలేదు" అని అమ్ముకున్న పిల్లల్లో చాలామందికి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పి ఉండరు.

సింగిల్ కాయిల్ పికప్ అయితే సన్నని గుర్రు ఒకటి ఉంటుంది. అది మన కరెంటు గొంతు, 50 హెర్ట్జ్. ఆ కరెంటు మా డ్యాం కిందనే పుడుతుంది. దానికోసం 1981లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. నాయిస్ గేట్ కొంచెం వేస్తే, ఎర్తింగ్ సరిచూసుకుంటే ఆ గుర్రు తగ్గుతుంది. మునిగిన ఊళ్ల గుర్రు తగ్గించే గుండీ మాత్రం ఏ పెట్టెలోనూ లేదు.

ఇదంతా చేస్తే అచ్చం ఈఎస్-175 నాదం వస్తుందా? రాదు. బోలు చెక్కకు ఉండే ఊపిరి పూర్తిగా రాదు. కళ్లు మూసుకుని వింటే జాజ్ అని గుర్తుపట్టే నాదం వస్తుందా? వస్తుంది. మిగిలిన తేడా చేతిది, చెవిది. అది డబ్బు ఉన్నోడికీ ఊరికే రాదు.

హోటల్‌లో వాయించారు, హోటల్‌లో పుట్టలేదు

ఇక రెండో మాట. జాజ్ పెద్దోళ్ల సంగీతమా?

ఎలక్ట్రిక్ గిటార్‌కు ఈ నాదం తెచ్చిపెట్టిన మనిషి చార్లీ క్రిస్టియన్. 1916లో టెక్సాస్‌లో పుట్టి ఓక్లహామా సిటీలో పెరిగిన నల్లజాతి పిల్లోడు. తండ్రికి చూపు పోయింది. తండ్రీ కొడుకులు వీధుల్లో వాయించి పొట్టపోసుకున్న కుటుంబం అది. గిబ్సన్ కంపెనీ 1936లో ఈఎస్-150 అనే కరెంటు గిటార్ తెచ్చింది. అంతకుముందు ట్రంపెట్ల హోరులో గిటార్ వినపడేదే కాదు, వెనక కూర్చుని తాళం వేసే కూలీ అది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, ఆ కూలీని ముందుకు తెచ్చి మాట్లాడించినవాడు చార్లీ. 1942లో క్షయతో చనిపోయాడు. అప్పటికి పాతికేళ్లు. ఆయన సమాధికి చాలా ఏళ్లు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

అదే కాలంలో న్యూయార్క్ హార్లెమ్‌లో కాటన్ క్లబ్ ఉండేది. వేదిక మీద నల్లవాళ్లు, బల్లల దగ్గర తెల్లవాళ్లు. డ్యూక్ ఎలింగ్టన్ అంతటివాడు 1927 నుంచి అక్కడ వాయించాడు. ఆయన జాతివాళ్లకు మాత్రం ప్రేక్షకులుగా చోటు లేదు. ఈ ఏర్పాటు మనకు కొత్తా? జాతరలో మనవాళ్ల తప్పెట లేనిదే దేవర కదలదు. తప్పెట కొట్టినోడు గడప దాటకూడదు. వాయించే చేయి కావాలి, ఆ చేతి వెనకున్న మనిషి వద్దు.

మన దేశంలోనూ 1930లలో బొంబాయి తాజ్ హోటల్‌లో అమెరికా నల్లజాతి వాద్యగాళ్లు వాయించారు. వాళ్లలో టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1945లో కలకత్తాలో కలరాతో చనిపోయాడు. కాబట్టి హోటల్ ఆ సంగీతానికి పని చోటు, పుట్టిల్లు కాదు. పెద్దోళ్లు విన్నంత మాత్రాన సంగీతం పెద్దోళ్లదైపోతే, పెద్దోళ్లు తిన్న ప్రతి మెతుకూ పెద్దోళ్లే పండించినట్టు లెక్క.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. వెస్ మాంట్‌గోమరీ. 1923లో ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. సంగీత లిపి చదవడం రాదు. గురువు లేడు. చార్లీ క్రిస్టియన్ రికార్డులు పెట్టుకుని స్వరం స్వరం పట్టి నేర్చుకున్నాడు. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బులో గిటార్. ఇరుగుపొరుగుకు నిద్రాభంగం కాకూడదని పిక్ పక్కన పడేసి బొటనవేలితో మెల్లగా మీటడం మొదలుపెట్టాడని చెబుతారు. ఆ బొటనవేలి మెత్తదనమే ఆయన నాదమైంది. ఈ రోజు జాజ్ గిటార్ పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఆ నాదం కోసం వెతుక్కుంటారు.

తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు ఇక్కడ ఏకలవ్యుడు గుర్తురాకుండా ఎట్లా ఉంటాడు? ఎదుట గురువు లేకుండా మట్టిబొమ్మ పెట్టుకుని నేర్చాడు ఏకలవ్యుడు. వెస్ రికార్డు పెట్టుకుని నేర్చాడు. మా పిల్లోడు ఫోన్ పెట్టుకుని నేర్చాడు. ద్రోణుడు బొటనవేలు అడిగాడు. చార్లీ క్రిస్టియన్ వెస్‌ను ఏమీ అడగలేదు. అడగనందుకే ఆ వేలు మిగిలింది, ప్రపంచానికి ఒక నాదం దొరికింది. మన వాడల్లో కోసేసిన వేళ్లు ఎన్నో, వాటితో పోయిన నాదాలు ఎన్నో, లెక్క ఎవరు రాశారు?

తప్పెట ఉండగా జాజ్ ఏందికి?

అన్నా, ఈ మాట ప్రేమతోనే అన్నావని తెలుసు. అందుకే దీనికి జవాబు జాగ్రత్తగా చెబుతాను.

తప్పెటను తక్కువ చేసే మాట నా నోట రాదు. టోన్ తయారు చేయడం మనకు ఈ పెట్టెతో రాలేదు. ముసురు పట్టినప్పుడు చర్మం మెత్తబడి తప్పెట మూగబోతుంది. మావోళ్లు గడ్డిమంట వేసి, చర్మాన్ని తిప్పి తిప్పి కాచి, వేలితో కొట్టి చూసి, మోత వచ్చిందాకా వదలరు. ఎంత కాచాలో చెప్పే గుండీ లేదు, అంకె లేదు. చెవే కొలత. అది ఈక్వలైజర్ కాక మరేమిటి?

కానీ తప్పెట మనకు కళ కాకముందు చాకిరీ. చావుకు కొట్టు, చాటింపుకు కొట్టు అన్నారు. కొట్టనన్నవాళ్లకు దెబ్బలు పడ్డాయి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం ఆ చాకిరీ శబ్దాన్నే హక్కు శబ్దంగా మార్చింది. ఆ మార్పు ఎట్లా వచ్చింది? ఏం కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో మనమే తేల్చుకున్నప్పుడు వచ్చింది. ఇప్పుడు మన పిల్లోడితో "నీకు తప్పెట చాలు" అంటే పాత మాటనే కొత్త గొంతుతో చెప్పినట్టు కాదా? ఊరు చెప్పినా మనం చెప్పినా, "నీ కులానికి ఈ వాయిద్యం" అన్నది కులం మాటే.

జాషువాను చూడండి. 1941లో గబ్బిలం రాసినప్పుడు ఆయన తీసుకున్నది ఎవరి పనిముట్టు? కాళిదాసు మేఘసందేశం నడిచిన దారి. యక్షుడి చోట తంజావూరు దళితుణ్ని నిలబెట్టాడు. మేఘం చోట గబ్బిలాన్ని పెట్టాడు. మనిషిని ఆపే గుడి గబ్బిలాన్ని ఆపలేదు కాబట్టి, శివుడి చెవిలో మన మాట వేసే పని దానికి అప్పజెప్పాడు. పద్యం మనది కాదని జాషువా వదిలేసి ఉంటే నేను ఈ రోజు క్లాసులో ఏం పాఠం చెప్పేవాణ్ని?

పైగా జాజ్ మనకు అంత పరాయిదీ కాదు. 1946లో అంబేడ్కర్ డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న అర్జీ గురించి అడుగుతూ. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తెచ్చి పెట్టుకున్నారు. వాళ్ల రాజకీయం మనకు చుట్టమైనప్పుడు వాళ్ల పాట చుట్టం కాకుండా పోతుందా?

27వ నంబరు

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను. పెట్టె మంచిదే. కానీ పెట్టెకు పేర్లు గుర్తుండవు.

1991లో ఎలక్ట్రానిక్ వాయిద్యాల కంపెనీలు జనరల్ మిడి అని ఒక ఉమ్మడి పట్టిక తయారు చేసుకున్నాయి. 128 ధ్వనులకు నంబర్లు. 27వ నంబరు జాజ్ గిటార్. చార్లీ లేడు, వెస్ లేడు, ఒక నంబరు ఉంది. అదే పట్టికలో 105 నుంచి 112 దాకా "ఎత్నిక్" అని ఒక గంప. సితార్ అందులోనే, జపాన్ కోటో అందులోనే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు అమెరికాలో తయారు చేసుకున్న బాంజో కూడా అందులోనే. మన తప్పెటకు ఆ గంపలోనూ చోటు లేదు.

ఆ తర్వాత చోటు దొరికింది, ఎట్లాగో చెబుతాను. మా బంధువుల ఊరికి ఒక రికార్డింగ్ బృందం వచ్చింది. పెద్దాయన ఒకరి చేత రోజంతా తప్పెట కొట్టించుకున్నారు. ఒక్కొక్క దెబ్బ విడివిడిగా, మెల్లగా, గట్టిగా. ఒక రోజు కూలి చేతిలో పెట్టి వెళ్లిపోయారు. కాగితం లేదు, పేరు రాసుకోలేదు. ఆ దెబ్బలు ఇప్పుడు ఏ ప్యాడ్‌లో, ఎవరి పెళ్లిలో మోగుతున్నాయో ఆ పెద్దాయనకు తెలియదు. పెళ్లికి ఆయన్ను పిలిచేవాళ్లు మాత్రం తగ్గిపోయారు.

అందుకే ఈ పెట్టె మన చేతిలో ఉండాలంటున్నాను. విద్యార్థి మిత్రులకు మూడు పనులు చెబుతాను.

ఒకటి. కంపెనీ వేసి ఇచ్చిన "జాజ్" ప్రీసెట్‌తో ఆగిపోవద్దు. అన్నీ ఆఫ్ చేసి సున్నా నుంచి మీ చెవితో కట్టుకోండి. కట్టినదానికి ఒక పేరు పెట్టండి. మా పిల్లోడు తనదానికి "వెస్" అని పెట్టుకున్నాడు.

రెండు. పెట్టె ఒక్కరు కొనలేకపోతే నలుగురు కలిసి కొనండి. హాస్టల్ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని అర్ధరాత్రి కూడా వాయించుకోవచ్చు. ఇరుగుపొరుగు కోసం వెస్ బొటనవేలికి మారాల్సి వచ్చింది. మీకు ఆ తిప్పలు లేవు. అయినా ఒకసారి బొటనవేలితో మీటి చూడండి.

మూడు. మీ ఊరి తప్పెట పెద్దల దెబ్బలను మీరే రికార్డు చేయండి. ఫోన్ అయినా పర్వాలేదు. కాగితం మీద ఆయన పేరు, ఊరు, తేదీ, దరువు పేరు రాయండి. ఎవరైనా వాడుకుంటే ఆయనకు ఎంత రావాలో కూడా రాయండి. సంతకం పెట్టడం రాకపోతే వేలిముద్ర వేయించండి.

అది బొటనవేలి ముద్రే. ఈసారి ఆ వేలు తన హక్కు రాసుకోవడానికి కాగితం మీద పడుతుంది.

వచ్చే వారం: దరువుల పేర్లు, వాటి లెక్కలు. మీ ఊళ్లో ఏ దరువును ఏమంటారో కింద రాయండి.

జై భీమ్!