దూరవాణి – ప్రభుత్వ బాధ్యత

వర్తకం వర్ధిల్లినప్పుడే రాజ్యం వర్ధిల్లుతుంది. రేవులను పోషించి వర్తకాన్ని పెంపొందించడం రాజధర్మమని శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లోని రాజనీతి ఘట్టంలో ప్రబోధించాడు. పోషించడమంటే ఇష్టానికి విడిచిపెట్టడం కాదు, అదుపాజ్ఞలలో నిలపడం కూడా. విజయనగర ప్రభువులకు రెండవ రాజధానిగా విలసిల్లిన పెనుకొండ సీమలో నేటి టెలిఫోను వర్తకానికీ ఈ నీతియే వర్తిస్తుంది.

ఒకప్పుడు టెలిఫోను పూర్తిగా ప్రభుత్వ గుత్తాధిపత్యంలో ఉండేది. కనెక్షను కోసం దరఖాస్తు చేసినవారు ఏండ్ల తరబడి నిరీక్షించేవారు. 1994 నాటి జాతీయ టెలికాం విధానం ప్రైవేటు సంస్థలకు ద్వారాలు తెరిచింది. 1995 జూలై 31న దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ జరిగింది. వర్తకులు పలువురైనప్పుడు తీర్పరి అవసరం. అందుకే 1997లో నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ ఏర్పడింది. తొలినాళ్లలో తమకు వచ్చిన కాల్‌కు సైతం వినియోగదారులు రుసుము చెల్లించేవారు. 2003లో ఆ భారం తొలగింది.

హిందూపురం కర్ణాటక సరిహద్దు పట్టణం. ఇక్కడి వర్తకులకు, పట్టుగూళ్ల రైతులకు బెంగళూరుతో నిత్యసంబంధం ఉంది. కాని టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక వేర్వేరు సర్కిళ్లు. సరిహద్దు దాటితే రోమింగ్ రుసుము పడేది. 2015లో ట్రాయ్ రోమింగ్ ధరల గరిష్ఠ పరిమితిని తగ్గించి ఊరట కలిగించింది.

ప్రభుత్వం ఎన్నడూ ధర్మం తప్పలేదనడానికి వీలులేదు. 2008లో స్పెక్ట్రం కేటాయించిన పద్ధతి చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2012లో 122 లైసెన్సులను రద్దు చేసింది. నియంత్రించేవారికీ నియమం ఉండాలని ఆ తీర్పు చాటింది.

నేడు ప్రైవేటు రంగంలో ప్రధానంగా మూడు సంస్థలే మిగిలాయి. 2024 జూలైలో ఆ మూడూ ధరలు పెంచాయి. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తూ చిన్న ఫోనుతో సరిపెట్టుకొనే వృద్ధ కార్మికుడు తనకు అక్కరలేని ఇంటర్నెట్‌కు డబ్బు ఎందుకు చెల్లించాలి? మాటలకు, సంక్షిప్త సందేశాలకు మాత్రమే పరిమితమైన పథకాలను తప్పక అందించాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. ఇది స్వాగతించదగినది. అయితే ఆ పథకం ధర భారమైనా, అది ఉన్నదని వినియోగదారునికి తెలియకపోయినా ఆదేశం కాగితానికే పరిమితమవుతుంది. రోమింగ్‌కు విధించినట్లే ఈ పథకం ధరకూ గరిష్ఠ పరిమితి విధించాలి. తక్కిన ధరలను పోటీకి వదలవచ్చు.

వర్తకుని పోషించే ప్రభుత్వం వినియోగదారునీ రక్షించాలి. పోటీదారులు తగ్గేకొద్దీ ఆ బాధ్యత పెరుగుతుందే కాని తరగదు.